వంపు గేటు మీద నీటి బలం: సుధకు ఉత్తరం

చిరంజీవి సుధకు,

బల్లపరుపు ప్లేటు లెక్కలు సులువుగానే చేస్తున్నావనీ, వంపు తిరిగిన ఉపరితలం దగ్గరికొచ్చేసరికి టెన్షన్ పడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. కొత్తగా నేర్చుకోవాల్సిన సూత్రమంటూ ఇక్కడ ఏమీ లేదమ్మా. చూడాల్సింది దిశ.

పీడనం ఎప్పుడూ ఉపరితలానికి లంబంగానే నొక్కుతుంది. బల్లపరుపు ప్లేటు మీద ఆ దిశ అంతటా ఒకటే కాబట్టి బలాలను మామూలుగా కూడేస్తాం. వంపు మీద ఒక్కో చోట ఒక్కో దిశ. అందుకే అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అని విడదీసి లెక్కకట్టాలి.

అడ్డం సంగతి త్వరగా తేలిపోతుంది. వంపును పక్కనుంచి నేరుగా చూస్తే కనిపించే నిలువు ప్రొజెక్షన్‌ను ఒక ప్లేటు అనుకుని, దాని మీద బలం కట్టు. వంపుకీ ఆ ప్రొజెక్షన్‌కీ మధ్యనున్న నీరు కదలకుండా ఉందంటే, అడ్డంగా రెండు వైపుల తోపులూ సమానమనే కదా అర్థం.

నిలువు దగ్గరే అందరూ తడబడతారు. వంపు నుంచి నిట్టనిలువుగా ఫ్రీ సర్ఫేస్ (గాలికి తెరిచి ఉన్న నీటి పైమట్టం) దాకా ఎంత ద్రవం పడుతుందో, దాని బరువే నిలువు బలం. నీరు వంపుకి పైవైపున ఉంటే బలం కిందికి. కిందివైపున ఉండి, పైన ఖాళీ ఉంటే? అప్పుడూ అదే ఘనపరిమాణం, అదే బరువు, కాకపోతే బలం పైకి. అక్కడ నిజంగా నీరు లేదు, ఊహించుకుంటున్నాం, అంతే. వంపు మీద ఏ బిందువు దగ్గరైనా పీడనాన్ని నిర్ణయించేది ఫ్రీ సర్ఫేస్ నుంచి దాని లోతే తప్ప, సరిగ్గా దాని నెత్తిన నీరుందా లేదా అన్నది కాదు. ఈ ఒక్క మాట మనసుకి పట్టేదాకా ముందుకెళ్లకు.

ఓ లెక్క చూద్దాం. పావు వృత్తం ఆకారంలో గేటు, వ్యాసార్థం 2 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు. వృత్త కేంద్రం, గేటు పై అంచు రెండూ నీటి మట్టంలోనే ఉన్నాయి. కింది అంచు సరిగ్గా కేంద్రం కింద ఉంది. నీరు లోపలివైపు, అంటే కేంద్రం ఉన్న వైపు. ఘనపు మీటరు నీటి బరువు 9.81 కిలోన్యూటన్లు. ప్రొజెక్షన్ వైశాల్యం 6 చదరపు మీటర్లు, దాని సెంట్రాయిడ్ (వైశాల్యపు మధ్యబిందువు) లోతు 1 మీటరు, అక్కడి పీడనాన్ని వైశాల్యంతో గుణిస్తే అడ్డ బలం 58.86 కిలోన్యూటన్లు. పావు వృత్తంలో పట్టే నీరు 9.425 ఘనపు మీటర్లు, కాబట్టి నిలువు బలం 92.46, కిందికి. ఫలిత బలం 109.6 కిలోన్యూటన్లు, అడ్డానికి 57.5 డిగ్రీల వాలులో.

ఇదే గేటుకి దిశలు పట్టించుకోకుండా వంపు వైశాల్యాన్ని వంపు సెంట్రాయిడ్ దగ్గరి పీడనంతో గుణిస్తే 117.7 వస్తుంది, అది తప్పు. చూడ్డానికి నమ్మబుద్ధేసే అంకె, అదే దాని ప్రమాదం.

జవాబు సరిచూసుకోవడానికి నాకు బాగా నచ్చిన దారి ఒకటుంది. వృత్తాకార వంపు మీద ప్రతి పీడన బలమూ కేంద్రం గుండానే పోతుంది, కాబట్టి కేంద్రం చుట్టూ మొత్తం మొమెంట్ (తిప్పే ప్రభావం: బలం × దూరం) సున్నా కావాలి. అడ్డ బలం 1.333 మీటర్ల లోతులో, నిలువు బలం కేంద్రం నుంచి అడ్డంగా 0.849 మీటర్ల దూరంలో పనిచేస్తాయి. గుణించి చూడు, రెండూ 78.5 దగ్గరే వస్తాయి, ఎదురెదురు దిశల్లో. డ్యాముల రేడియల్ గేట్లకు (వృత్తాకార వంపున్న గేట్లు) ట్రనియన్‌ను, అంటే గేటు తిరిగే పిన్నును, వంపు కేంద్రంలో పెట్టేది కూడా ఇందుకే: నీటి తోపు పిన్ను గుండా పోతే, గేటు ఎత్తే యంత్రం దానితో కుస్తీ పట్టక్కర్లేదు. గేటు బరువు, రాపిడి ఉంటాయనుకో, అవి వేరే లెక్క.

గేటు పై అంచు మీద ఇంకో 3 మీటర్ల నీరుంటే కొత్త పద్ధతేమీ అక్కర్లేదు. పావు వృత్తం పైన 2 మీటర్లు, 3 మీటర్ల దీర్ఘచతురస్రాన్ని చేర్చు. అడ్డ బలం 235.4, నిలువు 269.0 అవుతాయి. మొమెంట్ పరీక్ష నువ్వే చెయ్యి. సెంటర్ ఆఫ్ ప్రెషర్ (అడ్డ బలం పనిచేసే చోటు) ఈసారి సెంట్రాయిడ్‌కి మరీ దగ్గరగా, 8.3 సెంటీమీటర్లే కిందికి ఉంటుంది, కంగారుపడకు.

పూర్తిగా మునిగిన దుంగలా వంపు వెనక్కి తిరిగితే, స్పర్శరేఖ నిలువుగా ఉన్న చోట రెండు ముక్కలు చెయ్యి. కింది ముక్క మీద బలం పైకి, పై ముక్క మీద కిందికి. తేడా కట్టాక మిగిలేది దుంగ తొలగించిన నీటి బరువే. ఆర్కిమెడిస్ ఎదురైనట్టే.

మూసిన ట్యాంకులో నీటిపైన గాలి పీడనం ఉంటే ఫ్రీ సర్ఫేస్‌ను ఊహలో పైకి జరుపు. గేజి 20 కిలోపాస్కల్స్ చూపిస్తే 2.04 మీటర్లు. మిగతాదంతా పైన చెప్పినట్టే.

రేపు పావు వృత్తానికి బయటివైపు నీరు పెట్టి అదే లెక్క చేసి, బొమ్మతో సహా పంపు. అంకెల కన్నా ముందు బాణాలు ఎటు గీశావో చూస్తాను.

ఆశీస్సులతో,
మావయ్య