చామనఛాయ చర్మానికి సన్‌స్క్రీన్ అవసరమా?

మన ఎండలకు అలవాటుపడిన చామనఛాయ వారికి ఆస్ట్రేలియాలో సన్‌స్క్రీన్ ఎందుకని, ఇక్కడికి రాబోతున్న మీరు అడిగారు. వేసవిలో 46 డిగ్రీలు దాటే రెంటచింతల ప్రాంతంలో పెరిగినవాణ్ణి కావడంతో, పదేళ్ల క్రితం బ్రిస్బేన్ వచ్చినప్పుడు నాకూ ఇదే ధీమా ఉండేది.

ఆ డిసెంబరులో మిత్రులతో కలిసి గోల్డ్‌కోస్ట్ వెళ్లాను. పలచగా మబ్బు పట్టి, సముద్రపు గాలి చల్లగా వీస్తుండగా, ఇసుకలో తువ్వాళ్లు పరుచుకుని ఎండకు ఒళ్లు కాచుకుంటున్నవారి పక్కనే నేనూ చొక్కా విప్పి, పదింటి నుంచి రెండింటి వరకు పడుకున్నాను. రాత్రికి వీపూ భుజాలూ ఎంత మండాయంటే, దుప్పటి తగిలినా ఓర్చుకోలేక తెల్లవార్లూ బోర్లా పడుకున్నాను. ఫోనులో అమ్మ చెప్పినట్టు మజ్జిగ రాసినా మంట తగ్గలేదు; వారం తిరిగేసరికి చర్మం ఉల్లిపొరలా ఊడివచ్చింది.

వేడి వేరు, చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాలు వేరు అని నాకు అప్పుడే తెలిసింది. పలచని మబ్బు వాటిని పెద్దగా ఆపదు, చల్లగాలి వాటి దెబ్బను తెలియనివ్వదు. ఆ కిరణాల తీవ్రతను తెలిపే యూవీ సూచిక 3కు చేరగానే జాగ్రత్తపడమని ఇక్కడ చెబుతారు. డిసెంబరు మధ్యాహ్నాల్లో గోల్డ్‌కోస్ట్‌లో అది 11 దాటడం మామూలే. రెంటచింతలలో తలకు తువ్వాలు చుట్టుకోవడం, పొడుగు చేతుల చొక్కా తొడుక్కోవడం, పొద్దెక్కేసరికి చెట్టునీడకు చేరడం వంటి నాన్నగారి అలవాట్లే నన్ను కాపాడాయని నా గట్టి నమ్మకం.

మా కార్యాలయంలో ఒక పెద్దాయన 1970లలో చర్మం గోధుమరంగుకు తిరగాలని ఒంటికి నూనె పట్టించి గంటల తరబడి ఎండలో పడుకునేవారట. చొక్కా తొడుక్కో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో అని చెప్పే ‘స్లిప్, స్లాప్, స్ల్యాప్’ ప్రచారం 1981లో మొదలయ్యేనాటికే ఆయన యౌవనమంతా ఎండలో గడిచిపోయింది. ముక్కు మీదా చెవి అంచునా క్యాన్సర్ కోసి తీసిన గాట్లు ఆయనకు ఇప్పటికీ ఉన్నాయి. ఈ దేశంలో ప్రతి ముగ్గురిలో ఇద్దరికి జీవితకాలంలో ఏదో ఒక చర్మ క్యాన్సర్ బయటపడుతుంది.

మన చర్మానికి ముదురు రంగునిచ్చే మెలనిన్ వల్ల ఆ ముప్పు మనకు చాలా తక్కువన్నది నిజమే అయినా, కమిలిపోవడం, మంగుమచ్చలు, ముడతలు మనకూ తప్పవు. సన్‌స్క్రీన్‌ను తెల్లబడే క్రీముగా అమ్మే మన టీవీ ప్రకటనలంటే నాకు కోపం; వాటి వల్లనే మగవారు దాన్ని ముట్టుకోరు, ఆడవారు ముఖానికి రాసుకుని మెడనూ చేతులనూ వదిలేస్తారు.

ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి కాపాడే శక్తిని తెలిపే అంకె) 50 ఉన్న సన్‌స్క్రీన్ ఇక్కడే కొనుక్కుని, బయలుదేరడానికి ఇరవై నిమిషాల ముందు ఒకసారి, తరువాత రెండు గంటలకొకసారి, నీళ్లలో దిగి వచ్చిన ప్రతిసారీ రాసుకోండి. ఊరి నుంచి మాత్రం పొడుగు చేతుల నూలు చొక్కాలు నాలుగు, పెద్ద తువ్వాలు ఒకటి తప్పక తెచ్చుకోండి.