పాటల పెట్టె కొనండి, ఈ దసరాకు మాత్రం వద్దు

ప్రశ్న: మేము కూకట్‌పల్లిలో ఉంటాము. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 1,45,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇంటి రుణం వాయిదా 52,000. ఇంటి ఖర్చులు, పిల్లల చదువులు పోగా 18,000 మిగులుతుంది. బ్యాంకులో 60,000 ఉంది. క్రెడిట్ కార్డు మీద 38,000 బాకీ ఉంది, ప్రస్తుతం కనీస మొత్తమే కడుతున్నాము. రెండు నెలల్లో అత్తమామల ఆరోగ్య బీమాకు 46,000 కట్టాలి. స్పీకర్లు, రేడియో, ఇంటర్నెట్ పాటలు అన్నీ ఒకే చెక్క పెట్టెలో అమర్చిన మ్యూజిక్ సిస్టమ్ ఒకటి చూశాము. ధర 1,20,000. పన్నెండు నెలలు వడ్డీ లేని ఈఎంఐ ఇస్తామంటున్నారు. మా మామగారికి రేడియో అంటే ప్రాణం. దసరాకు కొనవచ్చా?

జవాబు: కొనవచ్చు. కానీ ఈ దసరాకు వద్దు, ఈఎంఐ మీద అసలే వద్దు. రోజూ ఇంటిల్లిపాదీ వినే వస్తువు మీద డబ్బు పెట్టడాన్ని నేను దుబారా అనను. నన్ను కలవరపెట్టింది ఆ లక్షా ఇరవై వేలు కాదు, మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన 38,000 బాకీ.

కార్డు బాకీకి నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుందాం. అంటే 1,330 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 1,570. కనీస మొత్తం కట్టిన తృప్తి మీకు మిగులుతుంది, బాకీ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పైగా పాత బాకీ ఉన్నంతకాలం ఆ కార్డుతో కొన్న కొత్త సరుకులకు కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. కాబట్టి బ్యాంకులో ఉన్న 60,000 నుంచి ఆ 38,000 ఈ రోజే కట్టేయండి. సేవింగ్స్ ఖాతాలో ఉన్న డబ్బు మీకు సంపాదించి పెట్టేది దీని ముందు ఏపాటిది?

ఇక వడ్డీ లేని ఈఎంఐ సంగతి. సున్నా వడ్డీ అనేది లేనే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. జరిగేది ఇది: బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు దుకాణం ధరలో తగ్గిస్తుంది. పదిహేను శాతం లెక్కన నెలకు 10,000 చొప్పున పన్నెండు వాయిదాల్లో వడ్డీ సుమారు 9,200 ఉంటుంది. దాని మీద జీఎస్టీ 1,650 పైచిలుకు, ప్రాసెసింగ్ రుసుము అదనం. ఇవి రెండూ మీ జేబులో నుంచే పోతాయి. మొత్తం ఒకేసారి కడతానంటే ఎంత తగ్గిస్తారని అడిగి చూడండి. ఈఎంఐ వల్ల వదులుకుంటున్నది ఎంతో అప్పుడు తెలుస్తుంది.

నేను చెప్పే దారి ఇది. బాకీ తీర్చాక 22,000 మిగులుతుంది. రెండు నెలల మిగులు 36,000 కలిపితే 58,000. బీమా కట్టగా 12,000 చేతిలో ఉంటుంది. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు. ఆ 46,000 పాత బిల్లు చూసి చెప్పిన అంకె అయితే మరోసారి సరిచూసుకోండి. మూడో నెల నుంచి 10,000 రికరింగ్ డిపాజిట్‌లో, 8,000 అత్యవసర నిధిలో వేయండి. ఏడాదికి డిపాజిట్‌లో 1,20,000 అసలు, ఆరున్నర శాతం వడ్డీ దొరికితే పైన మరో 4,200 దాకా వస్తుంది. అత్యవసర నిధి 1,08,000 అవుతుంది. అంటే రెండు నెలల ఇంటి వాయిదాలకు సరిపోయే డబ్బు. అదే పదివేలు, అవే పన్నెండు నెలలు. కానీ మధ్యలో మీ ఇద్దరిలో ఒకరి ఉద్యోగానికి ఇబ్బంది వస్తే డిపాజిట్‌ను ఆపవచ్చు, విరగ్గొట్టి వాడుకోవచ్చు. ఈఎంఐ ఆగదు. ఇంటి రుణం ఉన్న కుటుంబానికి ఈ తేడా ప్రాణాధారమని నేను గట్టిగా నమ్ముతాను.

ఆగిన ఈ సమయంలో వస్తువును కూడా బాగా పరిశీలించవచ్చు. ఇలాంటి ఖరీదైన పెట్టెల్లో డిజిటల్ రేడియో ఉందని గొప్పగా చెబుతారు. అది చాలావరకు డీఏబీ అనే పద్ధతి, యూరప్ కోసం పెట్టింది. నార్వే 2017లో జాతీయ ఎఫ్ఎం ప్రసారాలను ఆపేసి దానికే మారిపోయింది. మన ఆకాశవాణి డిజిటల్ ప్రసారాలు డీఆర్ఎం అనే వేరే పద్ధతిలో ఉంటాయి. కాబట్టి ఆ సదుపాయానికి హైదరాబాద్‌లో పైసా కూడా ఎక్కువ ఇవ్వకండి. ఎఫ్ఎం ఉందా, ఇంటర్నెట్ రేడియో ఉందా, బయటి పరికరాన్ని తీగతో కలిపే ఆక్స్ రంధ్రం ఉందా అన్నది చూడండి. ఈ చివరిది చాలా ముఖ్యం. మంచి స్పీకరు ఇరవై ఏళ్లు పాడుతుంది, లోపలి సాఫ్ట్‌వేర్ అంతకాలం బతకదు. ఇంటర్నెట్ స్పీకర్లు తయారుచేసే సోనోస్ కంపెనీ తన పాత పరికరాలు కొన్నింటికి 2020 మే నుంచి కొత్త అప్‌డేట్లు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆక్స్ ఉంటే రేపు ఇంటర్నెట్ భాగం పాతబడినా పెట్టె పనికొస్తుంది. పాటల యాప్‌ల నెలవారీ చందా కూడా లెక్కలో వేసుకోండి. విదేశంలో ఉన్న బంధువుల చేత తెప్పించుకోవాలనే ఆలోచన ఉంటే, వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి.

మీ మామగారి సంగతి వేరు. ఆయన పద్నాలుగు నెలలు ఎందుకు ఆగాలి? నిజాం కాలపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. ఆ కేంద్రం ప్రసారాలు వింటూ పెరిగిన తరానికి ఎఫ్ఎం కన్నా ముందునాటి మీడియం వేవ్ ప్రసారాలు అలవాటు. మీరు చూసిన లాంటి పెట్టెల్లో సాధారణంగా మీడియం వేవ్ ఉండదు. ఎఫ్ఎం, మీడియం వేవ్ రెండూ పట్టే మంచి ట్రాన్సిస్టర్ రెండు వేల రూపాయల లోపే దొరుకుతుంది. యాప్ అక్కరలేదు, వైఫై అక్కరలేదు, తిప్పే మీటలు ఆయన చేతికి తెలిసినవే. ఈ వారమే ఆయనను వెంటబెట్టుకుని కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి. దుకాణంలోనే 102.8 మీద వివిధ భారతి పెట్టించి, మీట ఆయన చేతికే ఇవ్వండి.