పాత స్పోర్ట్స్ కారులో డిఫరెన్షియల్ మౌంటింగు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా పెదనాన్నగారి 1968 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3 కారు ఇప్పుడు నా దగ్గర ఉంది. చాలా ఏళ్లు షెడ్డులోనే ఉండిపోయి నిరుడు మళ్లీ రోడ్డెక్కింది. మొదటి గేరులో క్లచ్ వదిలినప్పుడల్లా సీటు వెనక నుంచి ‘ధడ్’మని చప్పుడు వస్తోంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినా అదే చప్పుడు. డిఫరెన్షియల్ మౌంటింగు రబ్బరు పోయిందని, లారీ టైరు ముక్క కోసి పెడితే సరిపోతుందని మా ఊరి మెకానిక్ అంటున్నారు. ఆయన చెప్పినట్టు చేయవచ్చా? కొత్త రబ్బరు ఎక్కడ దొరుకుతుంది? ఇంటి దగ్గరే మార్చుకోగలమా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీ మెకానిక్ రోగాన్ని సరిగానే అనుమానించారు, మందు విషయంలో మాత్రం నేను ఆయనతో ఏకీభవించలేను. టైరు ముక్క ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే, ఈ కారు వెనక భాగం ఎలా కట్టారో ముందు చూడాలి.

స్పిట్‌ఫైర్ వెనక చక్రాలను కలుపుతూ అంబాసిడర్‌లో ఉన్నట్టు ఒకే గట్టి హౌసింగు ఉండదు. ఇంజను బలాన్ని రెండు వెనక చక్రాలకు పంచే పళ్లచక్రాల పెట్టె, అంటే డిఫరెన్షియల్, చాసిస్‌కు బిగించి ఉంటుంది, దాని రెండు పక్కల నుంచి వచ్చే షాఫ్టులు క్రాసుల (వంగుతూనే తిరిగే కీళ్ల) సాయంతో చక్రాలను తిప్పుతాయి. అడ్డంగా పరచిన కమాను కట్ట నడిమి భాగాన్ని డిఫరెన్షియల్ హౌసింగు నెత్తి మీదే స్టడ్‌లతో బిగించారు. కాబట్టి కారు వెనక వైపు బరువు చాసిస్ నుంచి మౌంటింగులలోకి, అక్కడి నుంచి హౌసింగులోకి, ఆపైన కట్ట ద్వారా చక్రాలకు చేరుతుంది. చాలా కార్లలో డిఫరెన్షియల్ మౌంటింగు పని చప్పుడును, అదురును ఆపడమే. ఈ కారులో బండి బరువును మోసే పని కూడా దానిదే.

ఇంజను లాగుడు దీనికి తోడవుతుంది. మార్క్ 3లోని 1296 సీసీ ఇంజను గరిష్ఠ టార్కు దాదాపు 102 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు నిష్పత్తి 3.75, డిఫరెన్షియల్‌లోని క్రౌన్ పినియన్ పళ్లచక్రాల నిష్పత్తి 4.11. ఈ మూడింటినీ గుణిస్తే షాఫ్టుల దగ్గర సుమారు 1570 న్యూటన్ మీటర్ల మెలి బలం వస్తుంది, అంటే మీటరు పొడవున్న కడ్డీ చివర 160 కిలోల బరువు వేలాడదీసినంత. చక్రాలను ముందుకు తిప్పే బలం హౌసింగును అంతే బలంగా వెనక్కి తిప్పజూస్తుంది కనుక దాని ముక్కు, అంటే ముందు కొస, పైకి లేస్తుంది. కాలు తీయగానే ఇంజను బండిని పట్టి ఆపుతుంది, ముక్కు కిందికి దిగుతుంది. రబ్బరు బాగున్నంతకాలం ఈ కదలిక మనకు తెలియదు. రబ్బరు చితికితే ఇనుము ఇనుముకు తగులుతుంది. మీరు రాసిన రెండు సందర్భాల చప్పుడూ ఈ లెక్కకు సరిపోతున్నది.

అయినా సరిపోయినంత మాత్రాన నిర్ధారణ అయినట్టు కాదు. క్రాసులు అరిగినా ఇలాంటి చప్పుడే వస్తుంది, క్రౌన్ పినియన్ పళ్ల మధ్య సందు పెరిగినా వస్తుంది, వెనక చక్రాలను ముందూ వెనకలకు కదలకుండా పట్టి ఉంచే రేడియస్ ఆర్మ్ బుష్‌లు (రబ్బరు తొడుగులు) పోయినా వస్తుంది. అందువల్ల ముందు చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, బండి వెనక భాగాన్ని చాసిస్ కింద స్టాండ్ల మీద నిలిపి, గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్‌కు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పి చూడండి. షాఫ్టు తిరిగినా క్రాసు అవతలి ముక్క కొంత ఆలస్యంగా కదిలిందంటే క్రాసు అరిగింది. క్రాసు కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపించినా అదే అర్థం. తర్వాత హౌసింగు ముక్కు కింద ఒక కర్రముక్కను సన్నని గునపం మాదిరి పెట్టి మెల్లగా పైకి ఎత్తి వదలండి. రబ్బరు బాగుంటే ముక్కు కాస్త బిగువుగా లేచి నెమ్మదిగా దిగుతుంది. పోయి ఉంటే తేలిగ్గా లేచి టక్కున కూర్చుంటుంది, రబ్బరుకూ దాని లోహపు పలకకూ మధ్య చీలిక నల్లటి గీతలా తెరుచుకోవడం టార్చి వెలుగులో కనిపిస్తుంది. ఇవేవీ తేలకపోతే బండిని స్టాండ్ల నుంచి నేల మీదికి దించి, సెల్‌ఫోనును వీడియో తీసేలా వెనక కింద పెట్టి, ఒకరు సీట్లో కూర్చుని హ్యాండ్‌బ్రేకు వేసి మొదటి గేరులో క్లచ్‌ను కొద్దిగా వదిలి, వెంటనే మళ్లీ నొక్కితే చాలు. ఆ సమయంలో ఎవరూ బండి కిందా ముందూ ఉండకూడదు, ఈ విషయంలో సడలింపు లేదు.

రబ్బరే పోయిందని తేలితే, ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది వేయవద్దు. ఇన్నేళ్లు ఒకేచోట బరువు మోస్తూ నిలిచిన రబ్బరు అణిగిపోవడం సహజం, మన జిల్లా ఎండలకు పెళుసెక్కడమూ సహజమే. కానీ పినియన్ ఆయిల్ సీలు కారి నూనె రబ్బరు మీదికి దిగుతుండవచ్చు. ఖనిజ తైలం తగిలిన సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడి ముద్దలా తయారవుతుంది. సీలు మార్చకుండా వేసిన కొత్త మౌంటింగుకూ ఆ గతే పడుతుంది. హౌసింగు ముక్కు నూనెతో తడిసి, దుమ్ము మందంగా అట్టకట్టి ఉంటే ముందు సీలు పని చూడండి. మౌంటింగును పట్టే చాసిస్ బ్రాకెట్లను కూడా తీగ బ్రష్‌తో గీకి చూడండి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి పైన రంగు నిలిచి లోపల ఇనుము తినిపోయిన బ్రాకెట్లు అరుదు కాదు.

ఇక టైరు ముక్క సంగతి. టైరులో రబ్బరుతో పాటు నైలాను దారమో ఉక్కు తీగో పొరలుగా ఉంటుంది. అది ఒకవైపు గట్టిగా, మరోవైపు మెత్తగా నొక్కుకుంటుంది, కోసిన అంచుల వెంట పొరలు విడిపోతాయి. పైగా ముక్క మందం రెండు వైపులా సమానంగా రాకపోతే హౌసింగు ఒరిగి, దాంతోపాటు కమాను కట్ట కూడా ఒరుగుతుంది. బరువు మోసే చోట అలాంటి ముక్క పెట్టడానికి నా మనసు ఒప్పుకోదు.

కొత్త రబ్బర్లకు మీకు రెండు దారులు ఉన్నాయి. స్పిట్‌ఫైర్ చాసిస్ పుట్టింది ట్రయంఫ్ హెరాల్డ్ నుంచి. ఆ హెరాల్డ్‌నే మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారుచేసింది. అందువల్ల చెన్నై పుదుపేటలో పాత సామాన్ల దుకాణాలలో హెరాల్డ్ మౌంటింగు అని అడగవచ్చు, మీ పాత ముక్క చేతిలో పట్టుకుని వెళ్లి కొలత సరిచూసుకోవాలి. అదే సంస్థ నుంచి 1972లో వచ్చిన గెజెల్ కారు సామాను మాత్రం తీసుకోవద్దు, దాని వెనక ఇరుసు వేరు. దశాబ్దాలుగా అట్టపెట్టెలో ఉన్న ‘కొత్త’ రబ్బరు కూడా వయసు మీరినదే, గోటితో నొక్కితే గుంట పడి తిరిగి లేవాలి, వంచితే అంచున సన్నని పగుళ్లు కనిపించకూడదు. ఈ పరీక్షకు నిలవకపోతే బ్రిటన్‌లో ఈ కార్ల సామాను అమ్మే దుకాణాల నుంచి తెప్పించుకోవడమే మేలు. కస్టమ్స్ సుంకం కలిసినా రబ్బరు ముక్కల ఖర్చు భరించలేనిది కాదు. తెప్పించేటప్పుడు హౌసింగు ముందు వైపు రబ్బర్లు, వెనక వైపు బుష్‌లు అన్నీ ఒకేసారి తెప్పించండి. ఒకటి కొత్తది, మిగతావి పాతవి అయితే కొత్తదాని మీదే భారం పడుతుంది.

ముందు వైపు రబ్బర్ల వరకు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు. వెనక బుష్‌లకు హౌసింగును కిందికి దించి ప్రెస్సు పెట్టాలి కనుక ఆ పనిని నెల్లూరు ఆటోనగర్‌లో మంచి వర్క్‌షాపుకు అప్పగించండి. సిమెంటు గచ్చు మీద బండిని స్టాండ్ల మీద నిలిపాక, ప్రొపెల్లర్ షాఫ్టు ఫ్లాంజి (బోల్టులతో కలిపిన పళ్లెం) రెండు ముక్కల మీదుగా రంగు గీత గీసి, నాలుగు బోల్టులు విప్పి షాఫ్టును పక్కకు కట్టివేయండి. ముందురోజు రాత్రే నట్లకు తుప్పు నూనె పట్టించి ఉంచితే స్టడ్‌లు విరగవు. చక్రాలు వేలాడుతున్నా షాక్ అబ్జార్బర్లు వాటిని పట్టి ఉంచడం వల్ల కట్టలో ఇంకా బిగువు ఉంటుంది, నట్టు వదిలిన క్షణంలో హౌసింగు ఎగిరిపడవచ్చు. అందుకే ముక్కు కింద జాకీని చెక్కముక్కతో ఆనించి, రెండు వైపుల నట్లను మార్చి మార్చి కొద్దికొద్దిగా వదులు చేయాలి. ఆ పైన జాకీని మెల్లగా ఎత్తుతూ దించుతూ ఉంటే పాత రబ్బరు బయటికి వచ్చేంత సందు దొరుకుతుంది. వాషర్లు, పలకలు ఏ వరుసలో ఉన్నాయో విప్పుతూనే ఫొటో తీసుకోండి. బిగింపు విలువలకు మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌నే అనుసరించండి. వెనక బుష్‌ల బోల్టులు, రేడియస్ ఆర్మ్ బోల్టులు మాత్రం బండి నాలుగు చక్రాల మీద నేలపై నిలిచి, బరువు పడ్డాకనే చివరి బిగింపు బిగించాలి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే బుష్ రబ్బరు మెలి తిరిగిన స్థితిలోనే ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. కొంత తిరిగాక నట్లన్నీ మరోసారి సరిచూడండి, కొత్త రబ్బరు మొదట్లో కాస్త అణుగుతుంది.

ప్రశ్న: నాది స్టాండర్డ్ హెరాల్డ్. రబ్బరు బదులు పాలీయురెథేన్ మౌంటింగులు వేస్తే జీవితాంతం మార్చనక్కర లేదంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: పాలీయురెథేన్ నూనెకు త్వరగా చెడదు, ఎక్కువ కాలం కూడా వస్తుంది. అంతవరకు వాళ్లు చెప్పింది సరైనదే. కానీ అది రబ్బరు కంటే గట్టిది కనుక పళ్ల శబ్దాన్ని, రోడ్డు అదురును చాసిస్‌కు ఎక్కువగా పంపుతుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని ప్రయాణించే హెరాల్డ్‌లో ఆ రొద వినడం నాకైతే ఇష్టం ఉండదు. రేడియస్ ఆర్మ్ బుష్‌లకు పాలీయురెథేన్ వేసి, డిఫరెన్షియల్‌కు రబ్బరే ఉంచండి. స్థానికంగా మౌల్డింగు చేయించే పక్షంలో లోహపు పలకకు రబ్బరును అతికించే పద్ధతి వాళ్లకు తెలుసో లేదో అడగండి, షోర్ ఎ కొలతలో గట్టితనం ఎంతో చెప్పమనండి. మౌంటింగు రబ్బర్లు సాధారణంగా 50 నుంచి 70 మధ్య ఉంటాయి. ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పలేని చోట డబ్బు ఇవ్వకండి.

ప్రశ్న: మౌంటింగు మార్చాక ‘ధడ్’ చప్పుడు పోయింది గానీ 60 కిలోమీటర్ల వేగం దగ్గర సన్నని కూత మొదలైంది. పని తప్పు జరిగిందా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: తప్పు జరగకపోయి ఉండవచ్చు. పాత రబ్బరు వదులుగా ఉన్నంతకాలం పళ్ల కూత చాసిస్‌కు చేరకుండా ఆగి, ఇప్పుడు వినిపించడం మొదలై ఉంటుంది. ముందుగా హౌసింగు పక్కనున్న ప్లగ్గు విప్పి, బండి సమతలంగా ఉండగా వేలు పెట్టి చూడండి. హైపాయిడ్ ఇపి 90 నూనె రంధ్రం అంచు వరకు ఉండాలి. తక్కువైతే నింపి, ఒకసారి కావలి దాకా వెళ్లి రండి. అప్పటికీ కూత ఉంటే, అది ఒక గేరులోనే వస్తోందా, అన్ని గేర్లలోనూ అదే వేగం దగ్గర వస్తోందా గమనించండి. అన్నింటిలోనూ అదే వేగం దగ్గర వస్తుంటే గేర్‌బాక్స్‌ను అనుమానించనక్కర లేదు. లాగుతున్నప్పుడు ఒక స్వరంతో, కాలు తీసినప్పుడు మరో స్వరంతో పలికితే పినియన్ బేరింగులు తనిఖీ చేయించండి. రెండింటిలోనూ తేడా లేకుండా అదురుతో పాటు వస్తుంటే ప్రొపెల్లర్ షాఫ్టు ఫ్లాంజిని విప్పక ముందున్న వరుసలోనే కలిపారో లేదో చూడండి. గుర్తు గీసుకోకుండా విప్పి ఉంటే ఫ్లాంజిని సగం చుట్టు తిప్పి బిగించి మళ్లీ నడిపి చూడవచ్చు.