గ్లాడియోలస్‌కు పుప్పొడి అద్దినా కాయ నిలవడం లేదు, ఎందుకు?

తిరుపతిలో మిద్దె మీద వైట్ ప్రాస్పెరిటీ రకానికి అమెరికన్ బ్యూటీ రకం పుప్పొడిని పువ్వు విచ్చిన రోజే అద్దానని, కాయలన్నీ రాలిపోయాయని రాశారు. అద్దిన పద్ధతి సరైనదే, రోజే తప్పింది. ఈ పువ్వులో మగభాగం ముందు పక్వానికొస్తుంది. విచ్చిన రోజే మూడు పుప్పొడి తిత్తులూ పగులుతాయి. కీలాగ్రం (పుప్పొడి పట్టే ఆడభాగపు కొన) మూడు పాయలు అప్పటికింకా ముడుచుకునే ఉంటాయి. అవి విడివడి జిగురెక్కడానికి మరో రోజో రెండు రోజులో పడుతుంది. పుప్పొడి పట్టేది అప్పుడే.

తల్లి మొక్కలో కాడ అడుగునున్న నాలుగైదు పూలే ఉంచి, పైమొగ్గలు తుంచేయండి. మర్నాడు విచ్చబోయే మొగ్గను సాయంత్రమే వేళ్లతో తెరిచి, మూడు తిత్తులనూ చిన్న పట్టకారుతో లాగేయాలి. పొద్దున చూద్దాంలే అనుకుంటే ఎండెక్కేసరికి సొంత పుప్పొడి రాలిపోతుంది, ఆ గింజ ఎవరి బిడ్డో తేలదు. తిత్తులు తీశాక తేనెటీగలు దూరకుండా రేకులను దగ్గరికి చేర్చి దారంతో వదులుగా కట్టండి. పాయలు విడిన రోజు మంచు ఆరాక, ఉదయం ఎనిమిదీ పదీ మధ్య, మూడు పాయలకూ పుప్పొడి అద్దండి. మర్నాడు మళ్లీ అద్దితే గింజ బాగా కడుతుంది. చీటీ మీద తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత పెన్సిల్‌తో రాసి కట్టండి. ఇంకు ఎండకు వెలిసిపోతుంది.

తండ్రి మొక్క ముందే పూస్తే తిత్తులను నీడన ఆరబెట్టి, కాగితంలో చుట్టి, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన బిగుతు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. కొన్ని వారాలు పనికొస్తుంది.

మన దగ్గర అసలు చిక్కు వాతావరణంతోనే. అక్టోబరు మొదట్లో నాటితే నవంబరు వానలకు దుంప కుళ్లుతుంది, పూత కూడా ముసురులో పడొచ్చు. నెలాఖరున నాటితే జనవరిలో పూలు, ఫిబ్రవరిలో కాయలు, ఎండలు ముదిరేలోపు పని అయిపోతుంది. నాటే ముందు దుంపను లీటరు నీటికి 2 గ్రాముల కార్బెండజిమ్ (కుళ్లును ఆపే శిలీంద్రనాశిని) కలిపి అరగంట నానబెట్టండి. పలమనేరు, కుప్పం వైపు వారికి చల్లదనం వల్ల కాస్త వెసులుబాటు ఉంది.

అద్దాక నాలుగు నుంచి ఆరు వారాలకు కాయ గోధుమరంగు తిరిగి కొన దగ్గర పగులుతుంది. వెంటనే కోయాలి. ఆలస్యమైతే రెక్కల గింజలు గాలికి పోతాయి. వాటిని ఆరబెట్టి, కాగితపు కవరులో ఫ్రిజ్‌లో దాచి, మళ్లీ అక్టోబరులో వానపడని చోట చల్లండి. మార్చిలోనే చల్లాలనే ఆత్రం వద్దు, తిరుపతి వేసవికి ఆ నారు మాడిపోతుంది. ఎర్రమట్టి, ఇసుక, వర్మీకంపోస్ట్ సమపాళ్లలో కలిపి, గింజ మీద అర సెంటీమీటరు మట్టి చాలు. నారు గడ్డిపోచల్లా లేస్తుంది, కలుపనుకుని పీకేయకండి.

మొదటి ఏడాది బఠాణీగింజంత దుంప కడుతుంది. ఆకులు పసుపెక్కాక తవ్వి, ఆరబెట్టి, గుడ్డసంచిలో వేసి ఫ్రిజ్ కూరగాయల అరలో రెండు మూడు నెలలు ఉంచితేనే నిద్ర వదిలి మొలుస్తుంది. పాలిథిన్ కవరులో పెడితే చెమ్మకు బూజు పడుతుంది. రెండో ఏడు కొన్ని పూస్తాయి, అసలు రూపం తెలిసేది మూడో ఏడే.

నేటి సంకర రకాల్లో ఎక్కువవాటికి ప్రతి క్రోమోజోమూ (లక్షణాలను మోసే పోగు) నాలుగేసి ఉంటాయి, కాబట్టి ఒకే కాయలోని గింజలు కూడా ఒకదానితో ఒకటి పోలవు. రంగు ఒక్కటే చూసి ఎంచకండి. కాడ నిటారుగా ఉందా, ఒకేసారి ఎన్ని పూలు విచ్చుకుంటున్నాయి, దుంప గట్టిగా ఉందా అన్నవి నా లెక్కలో రంగు కంటే ముందు. నచ్చినదాన్ని మళ్లీ గింజతో పెంచితే ఆ పువ్వు రాదు. దుంప చుట్టూ వచ్చే పిల్లదుంపలతోనే పెంచుకోవాలి.