టెక్ సందేహాలు: లాట్ నంబరు ఒక్కటే చాలనప్పుడు

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో మా బాబాయి గారి కమీషన్ కొట్టుకి జావాలో స్ప్రింగ్ బూట్, టేబుళ్లని క్లాసులతో కలిపే హైబర్నేట్‌లతో లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. లాట్ నంబర్లు ప్రతి సీజన్‌కీ మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. అందుకని లాట్ టేబుల్‌కి సీజన్, లాట్ నంబరు కలిపి ఒకే కీ (కాంపోజిట్ కీ) పెట్టాను. టిక్కీల (మిర్చి బస్తాల) తూకాలకి వేరే టేబుల్. దాని కీలో సీజన్, లాట్ నంబరు, టిక్కీ వరుస నంబరు ఉంటాయి. లాట్ క్లాసులో తూకాల లిస్ట్ పెట్టి ఒక్క జాయిన్ కాలమ్ రాస్తే, ఫారిన్ కీలో (వేరే టేబుల్ రికార్డుని చూపించే కీలో) రెండు కాలమ్‌లు ఉండాలంటోంది. రెండూ రాస్తే 'రిపీటెడ్ కాలమ్' అంటోంది. మూడు రోజులుగా ఇదే టెన్షన్. కాంపోజిట్ కీ తీసేయమంటారా?

జవాబు: తీసేయక్కర్లేదు. మీ కీ సరైనదే. పోయిన సీజన్ 118వ లాట్ ఒక రైతుది, ఈ సీజన్ 118 ఇంకొకరిది. ఆ తేడా డేటాబేస్‌కి తెలిసి తీరాలి.

మొదటి ఎర్రర్ సులువే. లాట్‌ని గుర్తించడానికి రెండు కాలమ్‌లు కావాలి కాబట్టి తూకం వైపు నుంచి చూపించేవీ రెండు ఉండాలి. 'జాయిన్‌కాలమ్స్' లోపల రెండు 'జాయిన్‌కాలమ్'లు రాయండి. రెండింటికీ 'రిఫరెన్స్‌డ్‌కాలమ్‌నేమ్' ఇవ్వడం మరవకండి. మీ దగ్గర రెండూ అంకెలే. వరుస తారుమారైతే సీజన్ వెళ్లి లాట్ నంబరుతో జత కలుస్తుంది, జావా వైపు నుంచి ఎవరూ అడ్డు చెప్పరు.

రెండో ఎర్రర్‌కి కారణం వేరు. సీజన్, లాట్ నంబరు తూకం కీలో ఒకసారి ఉన్నాయి, లాట్‌తో బంధంలో మళ్లీ ఉన్నాయి. ఒకే కాలమ్‌లో ఇద్దరూ రాస్తామంటే ఎవరి మాట వినాలో హైబర్నేట్‌కి తెలియదు. బంధం వైపు 'ఇన్సర్టబుల్', 'అప్‌డేటబుల్' రెండూ ఫాల్స్ పెడితే ఎర్రర్ పోతుంది. కానీ అప్పుడు కీని ప్రతిసారీ మీరే చేత్తో నింపాలి. ఒక్కచోట మరిచిపోయారంటే ఒక రైతు సరుకు ఇంకో రైతు లాట్‌లో పడుతుంది. ఆ దారి నాకు నచ్చదు.

సరైన దారి 'మ్యాప్స్ఐడీ'. జావాలో డేటాబేస్ పనులకి ఉన్న ప్రమాణం జేపీఏలో, 2009లో వచ్చిన 2.0 నుంచీ ఉంది. తూకం ఐడీ క్లాసులో (కీ ఫీల్డులు ఉండే క్లాసులో) సీజన్, లాట్ నంబరు విడివిడిగా రాయకండి. లాట్ ఐడీ క్లాసునే 'లాట్' అనే ఫీల్డ్‌గా పెట్టి, పక్కన టిక్కీ వరుస నంబరు పెట్టండి. తూకం ఎంటిటీలో (టేబుల్‌కి జతగా ఉండే క్లాసులో) 'మెనీటువన్' బంధం మీద 'మ్యాప్స్ఐడీ' రాసి, బ్రాకెట్లో ఆ ఫీల్డ్ పేరు ఇవ్వండి. దాంతో కీలోని లాట్ భాగం బంధం నుంచే వస్తుంది. లాట్ వైపు 'వన్‌టుమెనీ'కి 'మ్యాప్డ్‌బై' పెడితే చాలు, జాయిన్ కాలమ్‌లు రెండూ తూకం వైపు బంధం మీదే ఉంటాయి, లాట్ వైపు వాటి ఊసే ఉండకూడదు. లాట్‌తో పాటే తూకాలూ సేవ్ కావాలంటే కాస్కేడ్, కొట్టేసిన తూకం టేబుల్‌లోంచి కూడా పోవాలంటే 'ఆర్ఫన్‌రిమూవల్' పెట్టండి. తూకం ఐడీ ఆబ్జెక్ట్‌ని మాత్రం నల్‌గా వదలకండి. వరుస నంబరు వేసి మీరే తయారుచేసి ఇవ్వాలి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఐడీ క్లాసులకి 'ఈక్వల్స్' (రెండూ ఒకటేనా అని పోల్చేది), 'హ్యాష్‌కోడ్' (సెట్ దేన్ని ఏ గదిలో ఉంచాలో చెప్పే అంకె) రాయడం తప్పనిసరి. రాశాక కూడా తూకాలకి సెట్ వాడకండి, మీరు పెట్టిన లిస్టే ఉంచండి. బందరు రోడ్డులో ఒక ఆఫీసులో ఇలాంటి ప్రోగ్రామ్‌తోనే రాత్రి రెండింటి దాకా కూర్చున్నాను. కాటా చీటీలో 12 టిక్కీలు, స్క్రీన్ మీద 13. తడిసిందని పక్కన పెట్టిన టిక్కీని డిలీట్ కొట్టినా పోవడం లేదు. ఎంటిటీ హ్యాష్‌కోడ్ ఐడీని బట్టి వచ్చేలా రాసుకున్నారు. సెట్‌లో వేసినప్పుడు ఐడీలో లాట్ భాగం ఖాళీ. సేవ్ అయ్యాక హైబర్నేట్ దాన్ని నింపింది, హ్యాష్‌కోడ్ మారిపోయింది. ఆ తర్వాత సెట్ దాన్ని పాత గదిలో పెట్టుకుని కొత్త గదిలో వెతుకుతోంది! ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క లైను లేదు, లెక్క మాత్రం తప్పు. రైతుకి డబ్బు కట్టేది ఆ లెక్క చూసే కదా, అందుకే ఇంతగా చెబుతున్నాను.

లిస్ట్ వరుస కోసం 'ఆర్డర్‌బై'లో టిక్కీ నంబరు ఇవ్వండి. లాట్ క్లాసులో 'తూకం చేర్చు' అని ఒక మెథడ్ రాసి, లిస్ట్‌లో కలపడం, తూకానికి లాట్‌ని పెట్టడం రెండూ అందులోనే చేయండి. బయట నుంచి లిస్ట్‌ని ఎవరూ ముట్టుకోకుండా చూసుకోండి.

ప్రశ్న: విజయవాడ నుంచి రాస్తున్నాను. నాదీ కాంపోజిట్ కీయే. కొత్త రికార్డు సేవ్ చేసినా ఇన్సర్ట్‌కి ముందు ఒక సెలెక్ట్ వెళుతోంది. ఎందుకు?

జవాబు: కీ మీరే నింపి ఇస్తున్నారు. ఐడీ నిండి ఉంది కాబట్టి ఇది పాత రికార్డు కావచ్చని స్ప్రింగ్ డేటా (స్ప్రింగ్‌లో సేవ్ పని చూసే భాగం) అనుకుని 'మెర్జ్' పిలుస్తుంది, అది ముందు టేబుల్‌లో వెతుకుతుంది. ఎంటిటీలో 'లాంగ్' టైపుతో (పెద్ద L తో మొదలయ్యేది, చిన్న l ది నల్ కాలేదు) 'వెర్షన్' ఫీల్డ్ పెట్టండి. అది నల్‌గా ఉంటే కొత్తదని తెలుసుకుని నేరుగా 'పర్సిస్ట్' చేస్తుంది. టేబుల్‌లో కొత్త కాలమ్ చేర్చే వీలు లేకపోతే 'పర్సిస్టబుల్' ఇంటర్‌ఫేస్ తీసుకుని 'ఈజ్‌న్యూ' మీరే రాయండి. రోజుకి పదీ ఇరవై రికార్డులే అయితే ఆ సెలెక్ట్‌ని అలాగే వదిలేయవచ్చు.