కోస్టారికా, సింగపూర్: చదువుకి ఎవరు ఎక్కువ పెడుతున్నారు?

రెండూ చిన్న దేశాలే కదా, వీటిలో ఏ ప్రభుత్వం చదువుకి ఎక్కువ ఖర్చు పెడుతుంది అని అడిగినారు. శాతం చూస్తే కోస్టారికానే. 1948లో సైన్యాన్నే తీసేసిన దేశం అది, 2011లో రాజ్యాంగం మార్చి జీడీపీలో 8 శాతానికి తగ్గకుండా చదువుకి పెట్టాలని రాసుకున్నారు, ఆ 8 ఇంతవరకు అందుకోలేదు, అయినా సింగపూర్ కంటే ఎక్కువే. సింగపూర్ పెట్టేది 3 శాతం కూడా ఉండదు. కానీ 2022 పిసా పరీక్షలో (చానా దేశాల్లో 15 ఏండ్ల పిల్లలకి పెట్టే పరీక్ష) లెక్కల్లో సింగపూర్‌కి 575, ప్రపంచంలోనే ఫస్టు, కోస్టారికాకి 385.

సింగపూర్ డబ్బున్న దేశం, తక్కువ శాతమైనా ఒక్కో పిల్లోని మీద పడేది చానా ఎక్కువ, అది నిజమే. కానీ ఎంత డబ్బన్నదొక్కటే కాదు, అక్కడ టీచర్‌కి ట్రైనింగ్‌లో ఉన్నప్పటి నుంచే జీతం ఇస్తారు. కోస్టారికాలో 2018లో టీచర్ల సమ్మె నెలల తరబడి నడిచింది, తర్వాత కరోనా వచ్చింది. బడ్జెట్‌లో ఎంత రాసినా బడి నడవని నెలల్లో పిల్లోనికి ఏం దక్కుతాది?

నేను కర్నూలు జిల్లా కోసిగి పక్క హైస్కూల్లో చానా ఏండ్లు లెక్కలు చెప్పినాను. మా తట్టు ఖరీఫ్ పంట చేతికి రాగానే ఊర్లకు ఊర్లు సుగ్గికి పోతాయి, గుంటూరు పక్క మిరపకాయలు కోయనీకి. తొమ్మిదో తరగతిలో ఒక పాప ఉండేది, బీజగణితం బోర్డు మీద నేను రాసేలోపలే నోటితో చెప్పేసేది. వాళ్ళు పోతున్నారని తెలిసి సాయంత్రం ఇంటికి పోయినాను. జొన్నపిండి, గిన్నెలు, దుప్పట్లు అన్నీ సంచుల్లో కడుతున్నారు. వలస పోయేవాళ్ళ పిల్లల కోసమే సీజనల్ హాస్టల్ ఉంది కదా, పాపని వదిలిపెట్టి పోండి అన్నాను.

"తెరిచినారా సార్? పోయినేడు మేము పోయిన నెలకి తెరిచినారు. అంతవరకు పాప యాడ పండుకోవల్ల? మా అమ్మకి కండ్లు కనపడవు" అన్నాడు వాళ్ళ నాయన.

ఏం చెప్తాను? పాప లెక్కల పుస్తకం సంచిలో పెట్టుకుంటే వాళ్ళమ్మ తీసి పక్కన పెట్టి, ఆ జాగాలో ఉప్పు ప్యాకెట్లు సర్దింది. ఆ పాప పదో తరగతిలో చేరలేదు.

ఆ ఏడు కూడా హాస్టల్ ఆలస్యంగానే తెరిచినారు, పిల్లలు సగం మంది కూడా లేరు, మార్చిలో బిల్లులు మాత్రం పెట్టినారు. అది కూడా చదువు మీద ప్రభుత్వ ఖర్చు కిందనే లెక్క! అందుకే నాకు ఈ శాతాల మీద నమ్మకం లేదు. 1964-66 నాటి కొఠారీ విద్యా కమిషన్ కాలం నుంచి మనమూ చదువుకి 6 శాతం అంటూనే ఉన్నాము, 2020 విద్యా విధానంలో మళ్ళా అదే రాసినారు. ఇంకో బాధ ఏమంటే, ఉన్న టీచర్ల టైమంతా యాప్‌లో ఫోటోలు ఎక్కించనీకే పోతాది, సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకొని మిద్దె ఎక్కినప్పుడు కింద క్లాసు ఎవరు చెప్పల్ల?

రెండు దేశాలని పోల్చేవాళ్ళు ఎంత పెట్టినారనే కాదు, ఏ నెలలో పెట్టినారో కూడా చూడండి. మాకైతే హాస్టల్ తాళం దసరాకే తీయల్ల. గుంటూరు లారీ ఎప్పుడొస్తాదో మా ఊర్లో చిన్న పిల్లోనికి కూడా తెలుసు, బడ్జెట్ రాసేవాళ్ళకి తెలియదంటే నేను ఒప్పుకోను.