పట్టకారు జోలికి పోవద్దు

తల్లీ,

పాత కారు వేసుకుని ఒక్కదానివే నాలుగు వందల కిలోమీటర్లు వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. నా పెంపకమే అని వాడి ముందు గొప్పలు పోయాను. ఫోను పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. "తాళంచెవి అప్పుడప్పుడు పట్టేస్తోంది, అంతే" అన్నావట. ఆ 'అంతే' దగ్గరే నా భయం.

టైర్లలో గాలి, రేడియేటర్‌లో నీళ్లు, స్టెప్నీ చూసుకో. అవి నీకు తెలిసినవే.

తాళంచెవి విషయంలో నేను చేసిన ఘనకార్యం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కారు కొన్న కొత్తలో ఒక రాత్రి, వానలో, ముందు చక్రం రోడ్డు పక్క గట్టుకు ఆనేలా ఆపాను. తిరిగి వచ్చి చూస్తే తాళంచెవి తిరగదు. మీ పెద్దమ్మ పక్క సీట్లోంచి, "స్టీరింగు కాస్త అటూ ఇటూ కదిపి చూడండి" అంది. కారు నడపడం రానివాళ్లు సలహాలు ఇవ్వకూడదని కసిరాను. డిక్కీలోంచి పట్టకారు తెచ్చి, తాళంచెవి తల బిగించి పట్టుకుని మెలితిప్పాను. టిక్కుమంది. పుల్ల విరిగినంత చప్పుడు కూడా కాలేదు. తల పట్టకారులో, మిగతాది లోపల. విరిగిన అంచు కొత్త నాణెంలా మెరుస్తోంది. తెల్లవారేదాకా అక్కడే ఉన్నాం. ఆవిడ ఒక్క మాట అనలేదు. కొంగుతో అద్దం మీది ఆవిరి తుడుస్తూ కూర్చుంది.

పొద్దున తాళాలు బాగుచేసే మనిషి వచ్చి సన్నటి కొక్కెంతో ముక్క లాగాడు. తాళంలో దోషమే లేదన్నాడు. తాళంచెవి తీశాక స్టీరింగు తిరగకుండా పట్టి ఉంచే గడియ ఒకటి ఉంటుందట, స్టీరింగ్ లాక్ అంటారు. చక్రం గట్టుకు ఆనితే ఆ ఒత్తిడి దాని మీద పడి బిగుసుకుంటుందట, తాళంచెవి తిరగదట. స్టీరింగును కాస్త కదిలే వైపుకు లాగిపట్టి, తాళంచెవి మెల్లగా తిప్పితే సరిపోయేదట. మీ పెద్దమ్మ చెప్పింది కూడా అదే కదా. ఆ సంగతి ఆవిడ దగ్గర ఇప్పటికీ ఒప్పుకోలేదు.

నీది ఆటోమేటిక్ కాబట్టి, తాళంచెవి బయటికి రాకపోతే గేరు 'P' అని రాసి ఉండే పార్కు స్థానంలో పూర్తిగా పడిందో లేదో చూడు. బ్యాటరీ దిగిపోయినా కొన్ని కార్లు తాళంచెవిని వదలవు. రెండో తాళంచెవితో తిప్పి చూడు. అది సాఫీగా తిరిగితే అరిగింది నువ్వు రోజూ వాడేదే. అరిగినదాన్ని చూపించి నకలు చేయించకు, ఆ అరుగుదల నకలులోకీ వస్తుంది. నీ గుత్తికి ఆ ఇత్తడి ఏనుగు ఎందుకు? ఆ బరువు వేలాడుతూ, కుదుపు కుదుపుకూ తాళం లోపలి పలకల్ని అరగదీస్తుంది. నువ్వేమన్నా అయిదేళ్ల పిల్లవా? పారెయ్యకు మళ్లీ, నేను కొనిచ్చిందే. సంచికి తగిలించుకో.

తాళంలో నూనె పోయకు. నాలుగు రోజులు జారి, ఆ తర్వాత దుమ్ముతో కలిసి జిగురవుతుంది. చిటికెడు గ్రాఫైట్ పొడి చాలు.

ఇంజను అందుకున్నాక తాళంచెవి దానంతట అది వెనక్కి రాకపోతే చేత్తో వెనక్కి తిప్పి, ప్రయాణం మానుకో. లేకపోతే స్టార్టర్ మోటారు తిరుగుతూనే ఉండి కాలిపోతుంది. మానుకున్నావని ఎవరైనా నవ్వితే నా పేరు చెప్పు.

ముందు మెకానిక్‌కి చూపించు. చేరాక, ఎంత రాత్రయినా ఫోను చెయ్యి. మీ పెద్దమ్మే ఎత్తుతుంది. స్టీరింగు గురించి ఆవిడ ఏమైనా చెబితే విను.

మీ పెద్దనాన్న